డ్రమ్ముకు చెవి ఆనించే మనిషి

పోయిన నెల బెంగుళూరులో మా అమ్మాయి వాళ్లింటికి వెళ్లాను. మా అల్లుడు వంటింటి గట్టు మీద ఒక పెద్ద గాజు జాడీ పెట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. జాడీకి బిగువైన మూత, మూతకు ఒక సన్న గొట్టం, పక్కన థర్మామీటరు, విప్పి పెట్టిన పుస్తకం. ఇంట్లోనే బీరు తయారుచేసుకునే సామానట. "మొదటిసారి మామయ్యా, పుస్తకంలో ఉన్నట్టే చేస్తున్నాను" అన్నాడు కొంచెం సిగ్గుపడుతూ. నేను వంగి జాడీకి చెవి ఆనించాను. లోపల సన్నగా సిరసిరమంటోంది. "ఇంకో నాలుగు రోజులు దీన్ని ముట్టుకోవద్దు" అన్నాను. అల్లుడు నోరు తెరిచాడు. మా అమ్మాయి నవ్వి, "నాన్న కువైట్‌లో చేసిన ఉద్యోగం ఇదేనేమో" అంది.

ఉద్యోగం కాదు కానీ, ఈ పని నాకు నేర్పిన మనిషి ఒకడున్నాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఊళ్లో ఆయనకు మంచి పేరే ఉంది గాని, మేము ఉన్న ఫ్లాటులో అందరికీ ఆయన అన్న. నాకు ఇప్పటికీ ఆ మాటే నోటికొస్తుంది.

ఫహాహీల్‌లో ఒక పాత మూడంతస్తుల బిల్డింగులో ఆరుగురం కలిసి ఉండేవాళ్లం. అందరివీ షుఐబా ప్లాంట్లలో కాంట్రాక్టు పనులు. అన్న పైపు ఫిట్టరు, నేను స్టోరులో గుమాస్తాను. ఆయనది జగిత్యాల పక్క పల్లె, నాది రాయచోటి పక్క. ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి, నాకు ఇరవై ఆరు. నేను ఫ్లాటులో అడుగుపెట్టిన రోజు, గళ్ల లుంగీ కట్టుకున్న ఒక పెద్దమనిషి గది మూల మోకాళ్ల మీద కూర్చుని, తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ముకు చెవి ఆనించి కళ్లు మూసుకుని ఉన్నాడు. కళ్లజోడుకు ఒక పుల్ల విరిగితే అక్కడ దారం కట్టుకుని చెవికి తగిలించుకున్నాడు. నేను బ్యాగు దబ్బున కింద పెట్టాను. ఆయన కళ్లు తెరవకుండానే చెయ్యెత్తాడు.

"సప్పుడు జెయ్యకు తమ్మీ. ఇప్పుడిప్పుడే ముచ్చట షురూ జేసింది."

కువైట్‌లో మందు తాగితే నేరం, చేస్తే ఇంకా పెద్ద నేరం. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆయన వంశమంతా తాటిచెట్లు గీసి కల్లు దించినవాళ్లు. "చెట్టు గీసెటోని కొడుకును తమ్మీ. మా ఊళ్ల లొట్టి కడ్తె చాలు, కల్లు దానంతల అదే పొంగుతది. ఈ దేశంల మనమే బతిలాడి పొంగియ్యాలె" అనేవాడు. ఒక్క సీసా కూడా అమ్మేవాడు కాదు. ప్లాంటులో ఒక ఫోర్మన్ ఎన్నిసార్లు అడిగినా, "అమ్ముడు షురూ జేస్తె ఇగ అది మనది గాదు" అని తల అడ్డంగా ఊపేవాడు. గురువారం సాయంత్రం, అంటే సెలవుకు ముందు రోజు, మనిషికి ఒక సీసా. అంతే. తన సీసాను స్టీలు గ్లాసులోకి వంచి, నురగ దిగేదాకా ఆగి, తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద చిలకరించేవాడు. ఎల్లమ్మకు సాక అనేవాడు. 

"కువైట్‌లో ఎల్లమ్మ ఎక్కడుందన్నా?" అని ఒకసారి వేళాకోళం చేశాను.

"నేనున్న కాడనే ఉంటది. నన్నిడిసిపెట్టి యాడికి వోతది?" అన్నాడు, ఏమాత్రం నవ్వకుండా.

నాకు నేర్పించమని రెండు నెలలు వెంటపడ్డాను. చెప్పుకోవడానికి అది చిన్న పనే. జమియాలో, అంటే అక్కడి సహకార స్టోర్లలో, మత్తు లేని బీరు డబ్బాలు దొరికేవి. వాటిని డ్రమ్ములో పోసి, చక్కెర కరిగించి, రొట్టెలకు వాడే ఈస్టు ఒక చెంచా వేయాలి. మూతకు పెట్టిన సన్న గొట్టం కొసను నీళ్ల గ్లాసులో ముంచితే లోపల పుట్టిన గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఆ బుడగలు దాదాపు ఆగిపోయాక సీసాల్లో నింపి, ఇంకో రెండు వారాలు ఆగాలి. ఇంతే కదా అనుకున్నాను. మొదటి పాఠం రోజున ఆయన నా చేతికి ఒక బ్రష్షు ఇచ్చి, వేడినీళ్లు పెట్టి, సీసాలు కడగమన్నాడు. కడిగాను. వాసన చూసి మళ్లీ కడగమన్నాడు. మూడోసారి కూడా కడిగించాడు.

"అన్నా, ఇది బీరు నేర్పడమా, అంట్లు తోమించడమా?"

"బీరు జేసుడంటె కడుగుడే తమ్మీ. మిగిలిన పని అదే జేసుకుంటది. దానికి మనం అడ్డం రాకుంటె సాలు."

ఫ్లాటులో ఒక్క గదికే ఏసీ ఉండేది. డ్రమ్ము ఆ గదిలోనే. ఏసీ ఎంతలో పెట్టాలో మాకు వదిలేవాడు కాదు, డ్రమ్ముకు చేతి వెనకభాగం ఆనించి చూసి ఆయనే నిర్ణయించేవాడు. ఎవరైనా గొడవపడితే, "కొట్లాట వంటింట్ల వెట్టుకోన్రి, గిక్కడ గాదు" అని బయటికి పంపేవాడు. వంటింట్లోకి వెళ్లేసరికి సగం కొట్లాట చల్లారిపోయేది. ఆయన అందుకే పంపేవాడేమోనని తర్వాత తోచింది.

నేను సొంతంగా నింపిన మొదటి సీసాల కథ కూడా చెప్పాలి. నింపేటప్పుడు నురగ కోసం సీసాకు చిటికెడు చక్కెర వేయాలి. చిటికెడుకే నురగ వస్తే చెంచాడుకు ఎంత వస్తుందో అనుకుని నేను చెంచాడేశాను. శుక్రవారం మధ్యాహ్నం, అందరం తిని పడుకున్న వేళ, సింకు కింది అల్మారాలో ఢామ్మని ఒక సీసా పేలింది. ఆ అదురుకు ఇంకొకటి, దాని వెనక మరొకటి. కింది అంతస్తు ఈజిప్టు ఆయన పరుగెత్తుకొచ్చి తలుపు బాదాడు. అన్న తలుపు జానెడు తీసి, తల మాత్రం బయటపెట్టి, "కుక్కర్, కుక్కర్" అన్నాడు. లోపల మళ్లీ రెండు పేలాయి. "ఎన్ని కుక్కర్లు?" అని అడిగాడు ఈజిప్టు ఆయన. "ఆరుగురం ఉన్నం గదా" అని తలుపు వేసేశాడు.

సాయంత్రందాకా ఇద్దరం గాజు పెంకులు ఏరాం. నన్ను తిడతాడేమోనని కాచుకున్నాను. పెంకులన్నీ బుట్టలో వేశాక నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు, ఎక్కడైనా కోసుకుందేమోనని. "సీసకు కోపమొచ్చింది తమ్మీ, తీపి ఎక్కువైంది. మల్ల జేద్దాం తియ్యి" అన్నాడు.

ఆ మరుసటి వేసవిలో ఇరాక్ సైన్యం వచ్చింది. అదీ గురువారమే. తెల్లవారుతూనే విమానాల మోత. షుఐబా బస్సు రాలేదు. రేడియోలో ఒక భాష తర్వాత ఒక భాష ఏదో చెబుతోంది, ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. వారం పది రోజుల్లో మా ఫ్లాటులోని నలుగురు ఒక లారీ మాట్లాడుకుని జోర్డాన్ దారి పట్టారు. వాళ్లది వేరే కంపెనీ, పాస్‌పోర్టులు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. అన్నవీ నావీ మిర్కాబ్‌లో మా కంపెనీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఆ ఆఫీసుకు తాళం, తాళంచెవి ఉన్న మనిషి దేశంలోనే లేడు. మేమిద్దరం మిగిలాం.

అప్పుడే సుబ్బమ్మ వచ్చింది. మా పక్క ఊరి మనిషి, సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. నెలకోసారి ఆమెకు ఇంటికి ఉత్తరం రాసిపెట్టేవాణ్ణి, అలా మా అడ్రసు ఆమెకు తెలుసు. మధ్యాహ్నం ఎండలో, కాలికి ఒక్క చెప్పుతో, తలుపు ముందు నిలబడింది.

"అప్పా, నన్ను పనికి పెట్టుకున్న మామా వాళ్లు లండన్ పోయి నెలాయ. ఇంట్లో నేనొక్కదాన్నే. నిన్న మిలిటరీ వాళ్లు గేటు పగలగొట్టి టీవీ, ఫ్రిజ్జి ఎత్తకపోయినారు. ఈ పొద్దు మళ్లా వచ్చినారు. వెనక గోడ దూకి వచ్చేసినా. నాకు ఈడ ఇంకెవరూ తెలీదప్పా."

నేను అన్న ముఖం చూశాను. ఆయన అప్పటికే ఏసీ గదిలోకి వెళ్లి డ్రమ్మును రెండు చేతులా వాటేసుకుని బయటికి ఈడుస్తున్నాడు. దాన్ని హాల్లో నీడపట్టున పెట్టి, తడి తువ్వాలు చుట్టి, నడుము పట్టుకుని లేచాడు.

"చెల్లె, గా రూము నీది. లోపట గొళ్లెం ఉన్నది, ఏసుకో. మేం పిలిస్తె గూడ, గొంతు గుర్తువట్టినంకనే తియ్యి."

ఆ డ్రమ్ములో ఏముందో తెలిశాక సుబ్బమ్మ రెండు రోజులు ఆయన్ను సాధించింది. "ఇదేం పాడు పని అన్నా! పట్టుకుంటే నన్ను కూడా కలిపి జైల్లో ఏస్తారు." "పట్టుకునే పోలీసులే లేరు గదనే" అని ఆయన నవ్వేవాడు. మూడో రోజుకు ఆమే తువ్వాలు ఆరిపోతే తడిపి చుట్టడం చూశాను.

తర్వాతి వారం ఒక మధ్యాహ్నం సైనికులు మా బిల్డింగు సోదాకు వచ్చారు. మా ఫ్లాటుకు ముగ్గురొచ్చారు. సుబ్బమ్మ గదిలో గొళ్లెం వేసుకుని ఉంది. ఆయుధాల కోసం పరుపులు తిరగేస్తుంటే అల్మారాలో సీసాలు బయటపడ్డాయి. సోదా అక్కడితో ఆగిపోయింది. వాళ్లలో పెద్దవాడు ఒకటి తెరిచి వాసన చూసి, గటగటా తాగి, "జైన్! జైన్!" అని, భలే ఉందన్నట్టు అన్న భుజం చరిచాడు. అరబ్బీ, ఇంగ్లీషు కలిపి అతను చెప్పింది ఇది: ఈ సీసాలు తీసుకుపోతాం. డ్రమ్ములోది కూడా తీసుకోవడానికి మూడు రోజులకు మళ్లీ వస్తాం. చక్కెర మేమే తెస్తాం, నువ్వు చేస్తూ ఉండు. మీకు దారిలో చూపించడానికి కాగితం రాసిస్తాను, బస్రా దాటి పోవచ్చు.

వాళ్లలో ఒకడు మాత్రం బీరు వంక చూడడం లేదు. కిటికీ దగ్గర తాడు మీద ఆరేసిన సుబ్బమ్మ నైటీని చూస్తున్నాడు. దాన్ని చూసి, గొళ్లెం వేసిన తలుపు వైపు చూశాడు. అన్న అది గమనించడం నేను గమనించాను.

వాళ్లు వెళ్లాక నాకు ప్రాణం లేచొచ్చింది. "కాగితం ఇస్తానన్నాడు కదన్నా! ఇంకేం కావాలా మనకు? నాలుగు సీసాలు పోసిచ్చి బయటపడదాం."

అన్న డ్రమ్ము ముందు కూర్చున్నాడు. చాలాసేపు చెవి ఆనించి విన్నాడు. 

"బీరు కోసం వచ్చినోడు బీరుతోనే పోతడా తమ్మీ? ఇయ్యాల ముగ్గురు, ఎల్లుండి పదిమంది. తాగినంక ఆ తలుపు దిక్కు జూడకుంట ఉంటరా?" అని లేచాడు. "పట్టు ఆ పక్క."

ఇద్దరం డ్రమ్మును బాత్రూములోకి మోసుకెళ్లాం. బంగారం రంగు బీరు, ఆయన జీవితంలో చేసినవాటిలో మంచిదని తర్వాత చెప్పాడు, తూములో నురగలు కక్కుతూ పోయింది. అడుగున చిక్కటి తెల్లటి మడ్డి మిగిలింది. అది పోయడానికి మాత్రం ఆయనకు చెయ్యి రాలేదు. ఒక పాలపొడి డబ్బాలోకి ఎత్తి, నీళ్లు కలిపి, ఫ్రిజ్జులో వెనక్కి నెట్టాడు. పక్కకు తీసిపెట్టిన చెంబెడు బీరును మళ్లీ డ్రమ్ములో పోసి, సీసాడు వెనిగర్ కుమ్మరించి ఎండలో పెట్టాడు.

మూడో రోజు వాళ్లు చక్కెర మూటతో వచ్చారు. అన్న చేతులు కట్టుకుని నిలబడి, ఒక గ్లాసు ముంచి ఇచ్చాడు. పెద్దవాడు ఒక గుక్క తాగి నేల మీద ఉమ్మేశాడు. 

"ఖరాబ్" అన్నాడు అన్న. "ఏసీ లేదు, వేడికి పులిసిపోయింది. నాకు బీరు జెయ్య సరిగ రాదు సార్. మొన్నటియి గూడ వేరేటోడు జేసినయి, వాడు ఎల్లిపోయిండు. ఖలాస్."

తన చేతి బీరు ఏనాడూ పులవలేదని గర్వపడే మనిషి ఆ మాట అన్నాడు. ఆ సైనికుడు చాచి లెంపకాయ కొట్టాడు. కళ్లజోడు ఎగిరి గోడకు తగిలింది. చక్కెర మూట తీసుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. సుబ్బమ్మ బయటికొచ్చి, అన్న ముఖం చూసి, తడిగుడ్డ తెచ్చి బుగ్గ మీద అద్దింది. ఆయన పట్టించుకోకుండా కళ్లజోడు అద్దం పగిలిందేమోనని వెలుతురుకు పెట్టి చూసుకుంటున్నాడు. 

సెప్టెంబరు నాటికి తిండికి ఇబ్బంది మొదలైంది. మా వీధి మొదట్లో పెషావర్ నుంచి వచ్చిన ఒక ఖాన్ సాబ్ తందూరులో కుబ్బూస్ కాల్చేవాడు. కుబ్బూస్ అంటే గుండ్రటి పొంగు రొట్టె, వీధంతటికీ అదే ఆధారం. యజమాని పారిపోతే నెలరోజులు మూతపడిన కొట్టును జనం బతిమాలితే ఆయన తెరిచాడు. పిండి ఉంది, నిప్పు ఉంది, ఈస్టు లేదు. కాల్చిన రొట్టె పలకలా విరిగేది. లైన్లో పిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు ఆ పలకల్నే తీసుకుపోయేవాళ్లు.

ఆ రొట్టె ఒకటి ఇంటికి తెచ్చిన రోజే అన్న ఫ్రిజ్జులోంచి డబ్బా తీశాడు. పైనీళ్లు వంచేసి, కొత్త నీళ్లు పోసి, తేరనిచ్చి మళ్లీ వంచేశాడు. అలా రోజంతా కడిగాడు. సుబ్బమ్మ దానికి పిడికెడు పిండి, చెంచాడు చక్కెర కలిపి మూతపెట్టింది. పొద్దునకల్లా డబ్బా అంచులు దాటి పొంగింది.

"ఈస్టు దొరికిందని చెప్పి ఇచ్చేద్దాం. ఎక్కడిదని ఎవరడుగుతారు?" అన్నాను నేను.

"ఆయన ఐదుపూటల నమాజ్ చేసెటోడు తమ్మీ. తెల్వకుంట ఆయనతోని తప్పు చేయిస్తమా?"

కొట్టు వెనక, తందూరు పక్కన, అన్న తనకొచ్చిన ఉర్దూలో అంతా చెప్పాడు. బీరు చేసేవాణ్ణని, ఇది ఆ బీరు అడుగున మిగిలినదని, బీరంతా తూములో పోశానని, దీన్ని ఎన్నిసార్లు కడిగాడో అదీ చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడి, ఖాన్ సాబ్ చేతిలోని ఇనప చువ్వ వంక చూస్తున్నాను. ఖాన్ సాబ్ డబ్బా మూత తీశాడు. వాసన చూశాడు. 

"దీంట్లో ఇంకా మత్తుందా?"

"నాకు తెలిసినంతవరకు లేదు. కానీ నేను చదువుకున్నవాణ్ణి కాదు ఖాన్ సాబ్. మీరు వద్దంటే తీసుకుపోతాను."

ఖాన్ సాబ్ బయట లైను వైపు చూశాడు. కొట్టు మూలకు వెళ్లి, చాప పరిచి, నమాజు చేసుకుని వచ్చాడు. మేమలాగే నిలబడి ఉన్నాం. 

"దాచిపెట్టి ఇచ్చి ఉంటే నిన్ను ఈ తందూరులో తోసేవాణ్ణి" అన్నాడు. "చెప్పి ఇచ్చావు. ఇక దీని మంచిచెడ్డలు నాకూ పైవాడికీ మధ్య." డబ్బా పిండిలో బోర్లించాడు.

మరునాడు రొట్టెలు పొంగాయి. ఖాన్ సాబ్ రోజూ కాస్త పిండి మిగిల్చి మర్నాటికి పులియబెట్టుకునేవాడు, అలా అది సాగిపోయింది. అన్న మాత్రం లైనులో అందరితోపాటే నిలబడేవాడు. తనవంతు రొట్టె చేతికొచ్చాక విరిచి, లోపలి గాలి గూళ్లను వెలుతురుకు పెట్టి చూసి, "మస్తు నడుస్తున్నది" అని నా చెవిలో అనేవాడు.

నెలాఖరుకు ఎంబసీ వాళ్లిచ్చిన కాగితాలతో ముగ్గురం బస్సెక్కాం. బస్రా, బాగ్దాద్, ఆ తర్వాత జోర్డాన్ ఎడారిలో గుడారాలు, చివరికి బొంబాయి విమానం. ఆ దారి పొడుగునా అన్న మా ఇద్దరికీ నడుమ పడుకునేవాడు. ఎవరడిగినా "నా చెల్లె" అనేవాడు. బొంబాయి స్టేషనులో ఆయన హైదరాబాద్ రైలెక్కాడు, మేము కడప రైలెక్కాం.

నెల తిరక్కముందే సుబ్బమ్మ మా ఇంటికొచ్చింది. భర్త ఇంట్లోకి రానివ్వలేదట. నెలన్నర పైగా ఇద్దరు పరాయి మగవాళ్లతో ఒకే ఇంట్లో ఉందని ఊళ్లో ఎవరో చెప్పారు. చెప్పినవాడు అబద్ధం ఆడలేదు, అదే చిక్కు. నేను వెళ్లి మాట్లాడితే, "నువ్వూ ఆ ఇద్దర్లో ఒగడివే కదా" అని ఆమె అత్త మొహం మీదే అంది. ఏం చేయాలో తోచక అన్నకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. పదిరోజులకు ఆయనే వచ్చాడు, వెంట భార్యను తీసుకుని. ఆమె జిల్లా దాటడం అదే మొదటిసారి. చేతిలో ఒక మూట.

సుబ్బమ్మ పుట్టింట్లో ఆ మూట విప్పారు. కొత్త చీర, పసుపు, కుంకుమ, ఐదు శేర్ల బియ్యం. అన్నదమ్ములు ఆడబిడ్డకు పోసే ఒడిబియ్యం. అన్న భార్య సుబ్బమ్మను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసింది. ఆ ఒడి అలాగే కట్టుకుని సుబ్బమ్మ నడుస్తుంటే, వెనక మేము, అత్తగారి ఊరికి వెళ్లాం. భర్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. అత్త గడపలో నిలబడింది. సుబ్బమ్మ వాకిలి దాటకుండా ఆగిపోయింది. చుట్టుపక్కల గోడల మీదుగా తలలు లేచాయి.

"బావా, దండం" అన్నాడు అన్న. ఆ మాటకు భర్త తలెత్తాడు. "నీకు నేనెవరో తెల్వది. నేను అక్కడ పైపుల పని జేసెటోన్ని. ఇంట్ల దొంగతనంగ బీరు గూడ జేసెటోన్ని, తాగెటోన్ని. నేను మంచోన్నని చెప్పుకునేటందుకు రాలె. మిలిటరీ వాళ్లు వచ్చిన్నాడు నీ పెండ్లాం మా ఇంట్ల, తలుపు గొళ్లెం ఏసుకుని, లోపట కూసున్నది. బయట నేనున్న. ఆ తలుపు నేను తియ్యలె, ఎవన్నీ తియ్యనియ్యలె. ఇగ నీ ఇష్టం."

అన్న భార్య ముందుకొచ్చింది. సన్నటి గొంతుతో, ఆ యాస ఆ ఊళ్లో సగం మందికి అర్థమైందో లేదో, అత్తతో అంది: "అక్కా, ఈన నా మొగడు. ఈనతోని ముప్పై ఏండ్లు సంసారం జేసిన. అనుమానం ఉంటె నా చేతులతోని నేను ఒడిబియ్యం పోస్తనా? ఈ బియ్యం అత్తింట్లనే వండాలె. గింత దూరం మోసుకొచ్చినం, మల్ల ఎన్కకు తీస్కపొమ్మంటరా?"

అత్త గడప మధ్యలోంచి కొంచెం పక్కకు జరిగింది. సుబ్బమ్మ ఒడిని రెండు చేతులా పట్టుకుని నిలబడే ఉంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. అన్న నుదురు తుడుచుకున్నాడు. 

భర్త మంచం మీద నుంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి మంచం దులిపి, అన్నను కూర్చోమన్నట్టు చెయ్యి చూపించాడు. తర్వాత భార్య వైపు చూడకుండానే, గొంతు సవరించుకుని, "ఏమ్మే, బావ ఎండలో వచ్చినాడు. కాళ్లకు నీళ్లియ్యి" అన్నాడు.

నీళ్లు ఇంట్లో ఉన్నాయి. సుబ్బమ్మ లోపలికి వెళ్లింది.